తాళంచెవి తీసినా బతికుండే తీగ

సంగారెడ్డి,
11 నవంబరు 2024, సోమవారం.

ప్రియమైన మనుమరాలు చిరంజీవి నిస్సీకి,

తాతయ్య సుందర్‌రాజు దీవెనలు. క్షేమసమాచారం మొదట వ్రాయడం మర్యాద గనుక వ్రాస్తున్నాను: నేను బాగున్నాను. అమ్మమ్మ మోకాలు బాగాలేదు. మిగిలిన అమ్మమ్మ బాగుంది.

నీ మూడవ తేదీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే ఎర్ర సిరాతో దిద్ది దీనితో జతచేశాను. మొత్తం పద్నాలుగు తప్పులు. “ఈడ ఉండబుద్ధి అయితలేదు, నన్ను తీస్కపోండి” అన్న ఒక్క వాక్యంలోనే మూడు ఉన్నాయి. సరైన రూపం ఇది: “ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.” దీనిని ఐదుసార్లు వ్రాసి పంపు. ఇక విషయానికి వస్తే, అది ఇంటిమీద బెంగ తప్ప మరేమీ కాదు. వసతిగృహంలో మొదటి సంవత్సరం అందరికీ ఉండేదే. నీవు డాక్టరువు కావాలని మీ అమ్మను ఒప్పించి, ఫీజు కట్టి, సంరక్షకుని గడిలో నేనే సంతకం చేసి ఆ కళాశాలలో చేర్పించాను. ఆ సంతకానికి విలువ తేవలసినది నీవు.

ఫోను నిషేధం కూడా నాకు నచ్చింది. మీ డీన్ త్రినాథరావు గారు పిల్లల ఉత్తరాలన్నీ చదివిన తరువాతనే తపాలాలో వేయిస్తారట. మంచి పద్ధతి. నేనైతే దిద్ది మరీ వేయించేవాణ్ణి.

నిన్నటి రెండవ ఆదివారం సంగతి. నాలుగు నుండి ఆరున్నర వరకు మనకు ఇచ్చిన సమయంలో చివరి ముప్పావుగంట చీకటి పాలయింది. తల్లిదండ్రులను భవనంలోనికి రానివ్వరు. మైదానంలో కార్లలోనే కూర్చోవాలి. మన పాత కారు లోకప్పుకు ఉన్న దీపం మిణుగురు పురుగుకు తమ్ముడు. నీ పరీక్ష పత్రాలలో రసాయనశాస్త్రం చూడకుండానే మిగిలిపోయింది. వచ్చే నెలకు పొద్దు ఇంకా తగ్గుతుంది. కాబట్టి కారు లోపల మంచి దీపాలు పెట్టించాలని నిశ్చయించాను.

పాత బస్టాండు దగ్గర కారు సామాను అమ్మే తారిఖ్ నా పూర్వ విద్యార్థి. దీపాల పట్టీ చూపించి, “సార్, దీనికి డైరెక్ట్ వైరు దొరకవట్టాలె” అన్నాడు. డైరెక్టు అంటే ఏమిటని అడిగితే నవ్వాడు. శిష్యుడు నవ్విన తరువాత మళ్లీ అడగడం నాకు చేతకాలేదు. నీవు మీ నాన్న దుకాణంలో తీగల మధ్య పెరిగావు. నీకు తెలిసే ఉంటుంది. వివరంగా వ్రాయి.

మీ నాన్న బిల్లీనే అడగవచ్చు కదా అంటావేమో. మెకానిక్కును చేసుకుంటానని మీ అమ్మ నన్ను ఎదిరించి వెళ్లిన నాటినుండి, పద్దెనిమిదేళ్లుగా, క్రిస్మస్ నాటి “వందనాలు” తప్ప మా ఇద్దరికీ మాటలు లేవు. ఒక దీపం కోసం ఆ నియమాన్ని మార్చుకోలేను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య.


హాస్టలు,
17 నవంబరు, ఆదివారం.

తాతయ్యకు, అమ్మమ్మకు వందనాలు.

ముందు మీరు చెప్పిన పని.

ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.
ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.
ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.
ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.
ఇక్కడ ఉండాలని అనిపించడం లేదు, నన్ను తీసుకొనిపొండి.

ఇగ వైరు సంగతి. కారుల రెండు రకాల వైర్లు ఉంటయి తాతయ్యా. ఒక రకంల చావి తిప్పితేనే కరెంటు వస్తది. ఇంకో రకంల చావి లేకున్న ఎప్పటికీ ఉంటది. దాన్నే డైరెక్ట్ అంటరు. మీకు కావాల్సింది అదే. ఎందుకంటె బండి ఆపి కూసున్నప్పుడు చావి తిప్పి ఉంచితే బ్యాటరీ దిగిపోతది.

తారిఖ్ అన్న కాడ టెస్ట్ ల్యాంపు అడగండి. చూడనీకి స్క్రూడ్రైవర్ లెక్క ఉంటది, పిడిల చిన్న బల్బు, ఎనక తోకకు ఒక క్లిప్పు. స్టీరింగ్ కింద ఫ్యూజుల డబ్బ ఉన్నది కదా, అది తెరవండి. క్లిప్పును బండి ఇనుముకు పెట్టి, మొనను ఒక్కొక్క కాడ తాకియ్యండి. అన్నిటికన్న ముఖ్యం, చూసేముందు చావి తీసి జేబుల వేస్కోండి. చావి లేకుండ బల్బు ఎలిగిందంటే అదే డైరెక్ట్. చావి పెట్టి చూస్తె అన్నీ ఎలుగుతయి, ఏది ఏందో తెల్వదు. వైరు కలిపేముందు బ్యాటరీ మైనస్ ఊడదియ్యాలె. నడుమ ఒక చిన్న ఫ్యూజు పెట్టాలె.

ఇది రాస్తుంటే నాన్న దుకాణంల గ్రీసు వాసన వచ్చినట్టయింది. మస్తు రోజులకు మంచిగనిపించింది.

మా రూంల హర్షిణి ఇంటికి పోయింది. పది దినాలు అన్నం తినలె. ఎవ్వరితోని మాట్లాడలె. వాళ్ల డాడీ వచ్చి దుప్పటి కప్పి ఎత్తుకొని పోయిండు. మర్నాడు మా రూముల లోపలి గడియలు పీకేసిండ్రు. బయట గడియలు పెట్టిండ్రు. ఇప్పుడు మూత్రానికి పోవాలన్న తలుపు కొట్టాలె. వార్డెన్ ఇనెదాక కొట్టాలె. నాన్న ––––––––––––––––––––––––––––––––––––––––––

ఉంట తాతయ్యా.
నిస్సీ


సంగారెడ్డి,
22 నవంబరు, శుక్రవారం.

ప్రియమైన నిస్సీకి,

ముప్పై కిలోమీటర్లు రావడానికి నీ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. నడిచి వచ్చినా ముందే వచ్చేది.

ఐదు వాక్యాలూ ఒక్క తప్పు లేకుండా వ్రాశావు. ఐదుకు ఐదు మార్కులు వేసి, ఉత్తరాన్ని జతచేశాను. మిగిలిన భాగంలో మాత్రం “తెల్వదు”, “పోతది”, “ఎలుగుతయి” అంటూ పాతదారినే పట్టావు. ఆ మాటలు నోటికి అందమే, కాగితానికి కావు. ఈ మాట పైకి అంటే మీ అమ్మమ్మ, “నువ్వు కంచం ముంగట తిన్న అంటవు, కాగితం మీద తిన్నాను అంటవు. ఏది నువ్వు?” అంది. మోకాలు నొప్పి మనిషిని ఎంత పదునుగా చేస్తుందో చూడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ తీగను పట్టుకొనే విధానాన్ని నీవు వివరించిన క్రమం చక్కగా ఉంది. పాఠం చెప్పే లక్షణం నీలో ఉంది. అది మా వైపు నుండి వచ్చినది.

“నాన్న” అన్న మాట తరువాత రెండు పంక్తుల మీద నల్ల సిరా దట్టంగా పూసి ఉంది. పొరపాటు వ్రాస్తే ఒక్క గీతతో కొట్టివేయాలి గాని, పిడకలు కొట్టినట్లు అలా పూయకూడదు. చూచేవారికి అనుమానం కలుగుతుంది.

గడియల సంగతి చదివాను. హర్షిణి విషయం విచారకరం. కొందరు పిల్లలకు ఓపిక తక్కువ. బయట గడియ ఉంటే నీకు తలుపు చింత ఉండదు. చదువు మీద దృష్టి నిలుస్తుంది. మా ఉపాధ్యాయ శిక్షణ రోజులలో హత్నూరలో మేము పశువుల కొట్టంలో చదివాము. దానికీ బయటే గడియ.

దీపాల పట్టీ, ఆ టెస్టు దీపం కొన్నాను. నేనే బిగిస్తాను.

తాతయ్య.


హాస్టలు,
28 నవంబరు, గురువారం.

తాతయ్యకు వందనాలు.

మీ ఉత్తరం అందినది. (సరిగ్గ రాసిన కదా?)

మీరు నా ఉత్తరం మళ్ల నాకే పంపిండ్రు. వైరు సంగతి మొత్తం దాంట్లనే ఉండె. అది ఈడ నా పెట్టెల ఉన్నది, కారు ఆడ మీ కాడ ఉన్నది. ఇప్పుడు ఎట్ల చూస్తరు? మళ్ల రాయమంటె రాస్త. లేదంటె నాన్నను అడగండి. నాన్న ఏమనుకోడు. ఇప్పుడు దుకాణంతోపాటు గడ్డపోతారం ఫ్యాక్టరీల కూడ పని చేస్తుండు కదా, షిఫ్టు దిగినంక సంగారెడ్డికి వస్తడు, పది నిమిషాల పని. మీరంటె నాన్నకు కోపం లేదు తాతయ్యా. భయం ఉన్నది.

నల్ల సిరా సంగతి ఆదివారం కారుల చెప్త.

ఇంకో మాట. ఈడనే చదువుకుంట ఇంటికాడ ఉండనీకి డే స్కాలర్ కింద మార్చుకోవచ్చంట. పటాన్‌చెరు మా ఇంటి నుంచి బస్సు ఉన్నది. గార్డియన్ సంతకం ఒక్కటి ఉంటె చాలు. పరీక్షలు మంచిగనే రాస్త, ఒట్టు. తర్వాత నాకు పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ చదవాలని ఉన్నది. డాక్టర్ కాదు. ఇది బెంగ కాదు.

లైట్లు పెట్టండి గని, ఒక గంట పేపర్లు చూసి, మిగిలిన గంటన్నర ఊరికె కూసుందామా?

నిస్సీ


సంగారెడ్డి,
4 డిసెంబరు, బుధవారం.

ప్రియమైన నిస్సీకి,

శుభవార్త. దీపాలు వెలిగాయి.

నీ ఉత్తరం తిరిగి పంపినందుకు కంగారుపడ్డావు. ముప్పైనాలుగు సంవత్సరాలు పుస్తకం తెరవకుండా ఛందస్సు బోధించినవాణ్ణి. ఒక్క పేజీ విషయం గుర్తుండదా? నిన్న ప్రార్థన ముగించుకొని, కళ్లజోడు తుడుచుకొని, స్టీరింగు క్రింద తల దూర్చాను. కాళ్లు బయట, తల లోపల. మీ అమ్మమ్మ వచ్చి, బండికింద బల్లి దూరినట్లున్నదని పక్కింటి సంగమ్మను కూడా పిలిచి చూపించింది.

బ్యాటరీ మైనస్ ఊడదీయడం గుర్తుంది. చిన్న ఫ్యూజు గుర్తుంది. క్లిప్పును ఇనుముకు పెట్టడం గుర్తుంది. తాళంచెవి సంగతి కూడా గుర్తుంది. తాళంచెవి పెట్టి త్రిప్పగానే మొదటి తీగకే టెస్టు దీపం భగ్గున వెలిగింది. నీవు ఒక్కొక్కటి వెదకాలని వ్రాశావు. నాకు ఆ శ్రమ కూడా లేకపోయింది. పట్టీ అతికించాను. కారు లోపల ఇప్పుడు కల్యాణమండపం.

డే స్కాలరు మాట. సంవత్సరం మధ్యలో గుర్రాన్ని మార్చరు. పాలిటెక్నిక్ మాట అసలే వద్దు. పానా పట్టుకొనే చేతులు ఒక తరానికి ఒక జత చాలు. కోపంతో వ్రాయడం లేదు, అనుభవంతో వ్రాస్తున్నాను. నీ ఉత్తరం దిద్ది జతచేశాను. పద్దెనిమిది.

ఎనిమిదవ తేదీ ఆదివారం నాలుగింటికి వస్తాను. అమ్మమ్మ మోకాలి వలన రాదు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం పత్రాలు రెండూ సిద్ధంగా ఉంచు. ఈసారి ఒక్క నిమిషం వృథా కాదు.

తాతయ్య.


హాస్టలు,
9 డిసెంబరు, సోమవారం.

తాతయ్యకు వందనాలు.

నిన్న ఏమైంది? ఆరున్నరకు నేను లోపలికి వచ్చిన. మీ కారు పోలె. స్టడీ హాల్ కిటికి జాలిలకెల్లి కనవడ్డది. లోపల లైట్లు ముందు తెల్లగ ఉండె, తర్వాత పసుపయినయి, తర్వాత ఎర్రగయి ఆరిపోయినయి. మీరు లోపలున్నరో లేరో తెల్వలె. లేచి చూస్తుంటె సార్ కూసోమన్నడు. మీకు పాణం బాగలేదేమో అనుకున్న. అడిగితె ఎవ్వరు చెప్పలె. స్టడీ హాల్‌కు బయట గడియ పెట్టినంక తలుపు కొట్టిన. మూత్రానికేమో అనుకున్నరు.

కారుల చావి పెట్టే ఉండె కదా తాతయ్యా. నేను చూసిన. చెప్దామనుకున్న. మీరు లెక్క చెయ్యమన్నరు.

ఒక్క ముక్క రాయండి. తప్పులున్నా మీరే రాయండి.

నిస్సీ


సంగారెడ్డి,
12 డిసెంబరు, గురువారం.

నా చిట్టితల్లి నిస్సీకి,

ముందుగా, ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు చదివే త్రినాథరావు గారికి నమస్కారం. అయ్యా, దీనిలో నల్ల సిరా పూయవలసిన చోట్లు చాలా ఉన్నాయి. మీ సీసా చాలదు. దయచేసి చదివి ఇచ్చివేయండి.

నిస్సీ, నాకు ఏమీ కాలేదు. కారుకే అయింది. పొద్దు వాలాక ఫ్యాక్టరీల వాసన ఘాటెక్కింది. అద్దాలు మూసి, ఫ్యాను వేశాను. దీపాలు వెలగాలంటే తాళంచెవి త్రిప్పి ఉంచవలసి వచ్చింది. రెండున్నర గంటలు అలాగే ఉంచాను. నీవు దిగి వెళ్లిన తరువాత బండి కదలలేదు. నెట్టడానికి మనిషిని తెచ్చుకుందామని ద్వారం దగ్గరకు వెళితే తాళం వేసి ఉంది. ఏడున్నరకు చదువు గంట ముగిసేవరకు ఎవరినీ బయటకు పంపరట. కావలి పెద్దరాములుతో, నేను విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి అన్నాను. అతడు నన్ను నొప్పించకుండానే, “ఎవరైనా గంతే సార్. రూలు” అన్నాడు.

తీసుకెళ్లి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాడు. అది మీ స్టడీ హాలు తలుపు ప్రక్కనే. ఒక గంటసేపు నేను ఆ బల్ల దాటి వెళ్లలేదు. వెళ్లడానికి చోటు లేదు.

హాజరు పిలవడం విన్నాను. పేర్లు కావు, అంకెలు. “ముప్పై ఏడు” అంటే వచ్చిన గొంతు నీది. నేను పాఠశాలలో ఉన్నంతకాలం జూలై నెల దాటకముందే ప్రతి పిల్లవాని పేరు, వాని తండ్రి పేరు కంఠతా పట్టేవాణ్ణి. నా మనుమరాలు అంకెకు పలికింది. ఆ తరువాత బయటి గడియ పడిన చప్పుడు. కొంతసేపటికి లోపలినుండి తలుపు కొట్టిన చప్పుడు. ఎంతసేపు కొట్టారో నా గడియారంలో చూశాను. ఆరు నిమిషాలు. లేచి నేనే గడియ తీయబోతే, “సార్, నా నౌకరి పోతది” అన్నాడు పెద్దరాములు. కూర్చున్నాను. ఆ కూర్చోవడం నన్ను వదలడం లేదు.

కారు ఆగిందని మీ అమ్మమ్మకు ఫోను చేశాను. ఆమె నన్ను అడగకుండా మీ నాన్నకు చేసింది. అతడు షిఫ్టు దిగిన బట్టలతోనే, చదువు గంట ముగిసే వేళకు స్కూటరు మీద బ్యాటరీ పెట్టుకొని వచ్చాడు. నన్ను ద్వారం దగ్గరకు పిలిచారు. పెద్దరాములు అతణ్ణి చూస్తూనే, “మళ్లొచ్చినవా? గార్డియన్ సంతకం లేంది నేను రానియ్య” అన్నాడు. మళ్లీ అంటే ఏమిటని అడిగాను. దసరా తరువాత మూడుసార్లు వచ్చాడట, నిన్ను ఇంటికి తీసుకొని పోతానని. కాగితం మీద సంరక్షకుని పేరు నాది గనుక కన్నతండ్రిని మూడుసార్లూ బయటినుండే పంపివేశారట. నాతో ఎందుకు చెప్పలేదని అడిగితే మీ నాన్న నేలవైపు చూస్తూ, “చెప్తె మీరు ఏమంటరో తెలుసు మామయ్యా” అన్నాడు. నల్ల సిరా క్రింద ఏముందో అప్పుడు తెలిసింది. కారులో నీవు “ఆ సిరా నాది కాదు” అని మొదలుపెట్టావు. ముందు ఈ లెక్క పూర్తి చెయ్యి అన్నాను.

ఏడున్నరకు పెద్దరాములు పుస్తకం తెచ్చాడు. లోనికి వచ్చే మనిషి పేరు, నాకు అతడు ఏమవుతాడో వ్రాసి సంతకం చేయాలి. ‘అల్లుడు’ అని వ్రాశాను. పద్దెనిమిదేళ్లలో ఆ మాట వ్రాయడం అదే మొదటిసారి. అక్షరాలు బాగా రాలేదు.

మీ నాన్న వేరే బ్యాటరీ తగిలించి, స్టీరింగు క్రింద చూచి, తాళంచెవి తీశాడు. నా కల్యాణమండపం ఆరిపోయింది. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు. “చావి ఉన్నంతసేపు అన్ని వైర్లు బతికున్నట్టే అగుపడ్తయి మామయ్యా. తీసి చూస్తెనే తెలుస్తది” అన్నాడు. నీవు వ్రాసినదీ అదే. ఆ వాక్యంలో మూడు తప్పులు దిద్ది, దానిని నీకు తిరిగి పంపివేశాను. నెలకు రెండున్నర గంటలు వచ్చి, నిన్ను చూచి, బాగానే ఉంది అనుకొని వెళ్లినవాణ్ణి.

“నన్ను తీసుకొనిపొండి” అని ఐదుసార్లు వ్రాశావు. ఐదుకు ఐదు వేశాను. ఈ మాట అమ్మమ్మతో చెప్పినప్పటినుండి ఆమె నాతో మాట్లాడడం లేదు. సరైనదే.

డే స్కాలరు దరఖాస్తు మీద సంతకం చేశాను. సంరక్షకుని పేరు మార్చి తండ్రి పేరు వేయవలసినదని రెండవ దరఖాస్తు. రెండూ దీనితోనే ఉన్నాయి. తపాలాను నమ్మలేక మీ నాన్న చేతికే ఇస్తున్నాను. షిఫ్టుకు పోతూ ద్వారం దగ్గర ఇస్తాడు. శనివారం పది గంటలకు మేమిద్దరమూ వస్తాము. బండి అతడు నడుపుతాడు. నీవు పెట్టె సర్దుకొని ఉండు. పాలిటెక్నిక్ సంగతి నాకు ఇంకా మింగుడుపడలేదు; అబద్ధం వ్రాయను. దాని గురించి ఇంట్లో కూర్చొని పోట్లాడుకుందాం. తలుపు తెరిచే ఉంటుంది.

దీపాలను మీ నాన్న సరైన తీగకు మార్చాడు. ఇప్పుడు తాళంచెవి నా జేబులో ఉన్నా వెలుగుతున్నాయి. నిన్న సాయంత్రం ఆ వెలుగులో ఒక్కణ్ణే కూర్చొని నీ ఉత్తరాలు మొదటినుండి చదువుదామనుకున్నాను. చూస్తే ఇంట్లో నీ చేతివ్రాత ఒక్క కాగితం కూడా లేదు. అన్నీ నీకే పంపివేశాను. వచ్చేటప్పుడు వాటిని మరచిపోకుండా తీసుకొని రా. ఎర్ర సిరా క్రింద ఏమి వ్రాశావో చదవాలి.

ఈ ఉదయం అందిన సోమవారం నాటి నీ ఉత్తరంలో తప్పులు ఇరవై ఒకటి. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. అయినా దానిని దీనితో జతచేయడం లేదు. అది నా దగ్గరే ఉంటుంది.

శనివారం పదింటికి,
తాతయ్య.